గ్రేట్‌ఫుల్ డెడ్ టేపులు: ఏ రాత్రి గొప్పదో తేల్చే ముందు చేయాల్సిన పని

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం 1965 నుంచి 1995 దాకా రెండు వేల మూడొందలకు పైగా కచేరీలు చేసింది. ఒక పాటను ఏ రెండు రాత్రులూ ఒకేలా వాయించకపోవడం ఆ బృందం పద్ధతి. వచ్చినవాళ్ళు రికార్డు చేసుకుంటుంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం ఇంకో పద్ధతి. 1984 అక్టోబరు నుంచి అయితే టేపర్ల (కచేరీని రికార్డు చేసుకునే అభిమానుల) కోసం హాల్లో వేరుగా చోటే కేటాయించారు. అందుకే ఒక్కో కచేరీకి మూడు నాలుగు రికార్డింగులు, ఒక్కో పాటకు వందల రూపాలు దొరుకుతాయి.

ఇన్ని ఉన్నచోట వాదన కూడా ఉంటుంది. 1977 మే 8 కార్నెల్ కచేరీ గొప్పదా, 1972 ఆగస్టు 27 వెనీటా (ఒరెగాన్) కచేరీ గొప్పదా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. అభిరుచులు వేరు కావడం ఒక కారణం. అసలు కారణం మాత్రం, వాదించేవాళ్ళు వింటున్నవి ఒకే నాణ్యత ఉన్న టేపులు కాకపోవడం. ఒకరి చెవిలో వేదిక మీది శబ్దాలన్నిటినీ కలిపే మిక్సర్ నుంచి నేరుగా తీసిన రీలు మోగుతోంది, ఇంకొకరి చెవిలో హాలు వెనక వరసలో పట్టిన క్యాసెట్టుకు నాలుగో కాపీ మోగుతోంది. రెండోది మూడు శాతం నెమ్మదిగా కూడా తిరుగుతూ ఉండొచ్చు. అప్పుడు "ఆ రాత్రి వాళ్ళు నీరసంగా వాయించారు" అనే తీర్పు బృందం మీద కాదు, ఎవరి ఇంట్లోనో ఉన్న టేప్‌డెక్ మోటారు మీద ఇచ్చినట్టు.

అందుకని వరస ఇలా పెట్టుకోండి: సోర్సు ఏమిటో (రికార్డింగు ఎక్కడి నుంచి వచ్చిందో) గుర్తించడం, వేగం సరిచేయడం, శబ్దస్థాయి సమం చేయడం, ఆ తర్వాతే వినడం. వినడం మొదట పెట్టుకుంటే తొలిసారి కలిగిన అభిప్రాయం పాతుకుపోతుంది, తర్వాత ఎంత సరిచేసినా అది వదలదు.

దేనితో దేన్ని పోల్చాలి

పోలికలు రెండు రకాలు. ఒకే రాత్రికి ఉన్న వేర్వేరు రికార్డింగులను పోల్చడం ఒకటి, ఒకే పాటను వేర్వేరు రాత్రుల్లో ఎలా వాయించారో పోల్చడం ఇంకొకటి. ఈ రెంటినీ ఒకేసారి పెట్టుకోవద్దు. కార్నెల్ సౌండ్‌బోర్డ్ (మిక్సర్ నుంచి తీసిన) టేపును ఇంకో ఊరి ఆడియన్స్ (హాల్లో మైకుతో పట్టిన) టేపుతో పోలిస్తే, విన్న తేడాలో హాలుది ఎంత, యంత్రానిది ఎంత, గిటారు వాయించే జెర్రీ గార్సియా వేళ్ళది ఎంత అన్నది విడదీయడం ఎవరి వల్లా కాదు.

రాత్రులను పోల్చడానికి 1977 మే తొలి రోజులు చేతికందిన వరం. 5న న్యూ హేవెన్, 7న బోస్టన్ గార్డెన్, 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాల్, 9న బఫలో. నాలుగు రాత్రులకూ అదే బృందం. టేపుల వెనక ఉన్నదీ ఒకే మనిషి, బెటీ కాంటర్-జాక్సన్. ఆమె హాల్లోని స్పీకర్లకు వెళ్ళే మిక్సును యథాతథంగా ఎత్తుకోకుండా టేపు కోసం వేరే మిక్సు చేసుకునేది. అందుకే ఆ టేపుల్లో గిటార్లు, బేస్, గొంతులు ఒకదాన్నొకటి మింగేయవు. 2017లో ఈ నాలుగు కచేరీలూ ఒకే పెట్టెగా అధికారికంగా వచ్చాయి, నాలుగింటినీ ఒకే పద్ధతిలో శుద్ధి చేశారు. అంటే రికార్డింగు తేడాలు దాదాపు తొలగిపోయి వాయింపు తేడా మాత్రమే మిగిలిన అరుదైన సందర్భం ఇది. కొత్తవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టడం మేలు.

ఒకే రాత్రికి ఉన్న సోర్సులను పోల్చడానికీ కార్నెల్ బాగుంటుంది. సౌండ్‌బోర్డ్ ఉంది, ఆడియన్స్ టేపులున్నాయి, రెంటినీ కలిపిన మ్యాట్రిక్స్‌లు ఉన్నాయి.

ఒక హెచ్చరిక. లైవ్ (కచేరీలో పట్టిన) ఆల్బమ్ అన్నంత మాత్రాన ప్రతి ఒక్కటీ సాక్ష్యానికి పనికిరాదు. యూరప్ '72 ఆల్బమ్‌లో గొంతులను తర్వాత స్టూడియోలో మళ్ళీ పాడి కలిపారు, జనం చప్పుడు చాలావరకు తీసేశారు. ఆ రాత్రి ఎంత బాగా పాడారో దాన్ని బట్టి చెప్పకూడదు.

సోర్సు గుర్తుపట్టడం

ఈ టేపులను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ప్రతి రికార్డింగు కిందా వంశావళి రాసి ఉంటుంది: మాస్టర్ రీలు, దాని నుంచి డాట్ (డిజిటల్ టేపు), దాని నుంచి సీడీ, ఆపై ఫ్లాక్ (నాణ్యత తగ్గించని ఫైలు), ఇలా. ఫైలు పేరులో కూడా బృందం పొట్టి పేరు, తేదీ, సౌండ్‌బోర్డా ఆడియన్సా అన్న గుర్తు, డిజిటల్‌లోకి ఎక్కించినవారి పేరు, ఒక వరస సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్య రాసుకోండి. ఒకే తేదీకి పది ఎక్కింపులుంటే "కార్నెల్ సౌండ్‌బోర్డ్ విన్నాను" అన్న మాటకు అర్థమే ఉండదు.

సౌండ్‌బోర్డ్ టేపంటే మిక్సర్ నుంచి తీగ ద్వారా వచ్చింది. జనం చప్పుడు దూరంగా, గొంతులు ముఖం ముందు ఉంటాయి. ఆడియన్స్ టేపంటే హాల్లో మైకులతో పట్టింది. అందులోనూ మిక్సర్ బల్లకు ముందు నుంచి పట్టినది, వెనక నుంచి పట్టినది వేరువేరు. ముందు నుంచి పట్టినదానిలో స్పీకర్ల శబ్దం ఎక్కువ, గోడల ప్రతిధ్వని తక్కువ. సౌండ్‌బోర్డ్ అనగానే మేలైనదని అనుకోవద్దు. చిన్న హాల్లో గిటారు ఆంప్లిఫయరే చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే దాన్ని మిక్సర్‌లో తగ్గించి పెడతారు. అప్పుడు హాల్లో గిటారు బ్రహ్మాండంగా వినిపించినా, మామూలు సౌండ్‌బోర్డ్ టేపులో గొంతులే మిగులుతాయి.

వంశావళి నిజమో కాదో వర్ణపటం (ఏ పౌనఃపున్యంలో ఎంత శబ్దం ఉందో చూపే పటం) చూస్తే చాలావరకు తెలుస్తుంది. స్పెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి పైభాగం చూడండి. క్యాసెట్టు తరాలు దాటిన కొద్దీ 12, 14 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం మెల్లగా పలచబడుతుంది. సరిగ్గా 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయి, కింద కూడా అక్కడక్కడ చిల్లులు కనిపిస్తే అది ఎక్కడో ఒకచోట ఎంపీ3 దశ దాటి వచ్చింది, పైన ఫ్లాక్ అని రాసి ఉన్నా సరే. 15 దగ్గర ఆగి, 19 దగ్గర సన్నని గీత ఒకటి కనిపిస్తే అది ఎఫ్ఎం ప్రసారం, ఆ గీత స్టీరియో పైలట్ సంకేతం. 15.7 కిలోహెర్ట్జ్ దగ్గర ఎడతెగని గీత ఉంటే పాత అమెరికన్ టీవీ తెర దగ్గర్లో ఉందన్నమాట. వీడియో నుంచి తీసినవాటిలో ఇది తరచూ కనిపిస్తుంది. 1978 డిసెంబరు 31 వింటర్‌ల్యాండ్ మూసివేత కచేరీ రేడియోలోనూ టీవీలోనూ ప్రసారమైంది కాబట్టి అలాంటి తేదీల్లో ఈ గీతలు వెతకడం అలవాటు చేసుకోండి.

ఇక్కడ జారే చోటు ఒకటుంది. ఆర్కైవ్‌లో సౌండ్‌బోర్డ్‌లు ఎక్కువగా వినడానికే, దింపుకోవడానికి కాదు. అలా వినిపించేది ఎంపీ3. దాన్ని రికార్డు చేసి వర్ణపటం చూసి "ఇది నకిలీ" అనడం పప్పులో కాలేయడమే. సాంకేతికంగా కొలవాలనుకుంటే ఆడియన్స్ టేపుల ఫ్లాక్‌లు దింపుకోండి, సౌండ్‌బోర్డ్ కోసం అధికారిక విడుదల కొనుక్కోండి.

తరాల లెక్క గురించి ఒక మాట. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు కాపీ చేసిన ప్రతిసారీ కొత్త టేపు తన సుయ్‌మనే రొదను కలుపుతుంది. రెండు రొదలూ సమానమైతే మొదటి కాపీకి 3 డెసిబెల్ పెరుగుతుంది, ఆ తర్వాతి కాపీకి 1.8, అలా. రొదకంటే ఎక్కువ నష్టం చేసేది, రొద తగ్గించడానికి వాడే డాల్బీ అమరికలో పొరపాటు. డాల్బీ బి పెట్టి చేసిన రికార్డింగును అది లేకుండా మోగిస్తే తాళాల (సింబల్స్) శబ్దం కరకరలాడుతుంది. డాల్బీ లేనిదాన్ని డాల్బీ పెట్టి మోగిస్తే దుప్పటి కప్పినట్టుంటుంది. ఈక్వలైజర్‌తో ఇది పూర్తిగా సరికాదు. ఎందుకంటే డాల్బీ పనితీరు శబ్దం హెచ్చుతగ్గులను బట్టి క్షణక్షణం మారుతుంది.

వేగం, శ్రుతి

ఎక్కువమంది వదిలేసే పని ఇదే, ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువ మార్చేదీ ఇదే. టేపు ఒక శాతం వేగంగా తిరిగితే శ్రుతి 17 సెంట్లు పెరుగుతుంది. అర్ధస్వరం అంటే 100 సెంట్లు, దాదాపు 5.95 శాతం. రెండు మూడు శాతం తేడాను చాలామంది శ్రుతి తేడాగా గుర్తుపట్టరు. "ఈ రాత్రి హుషారుగా ఉంది" అనుకుంటారు. గార్సియా గొంతు కాస్త పడుచుగా వినిపిస్తుంది, డ్రమ్ములు బిగుతుగా వినిపిస్తాయి, అంతే.

కొలవడానికి మంచి కొలబద్ద కరెంటు గుమ్మనే శబ్దం. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, యూరప్‌లో 50. గిటారు ఆంప్లిఫయర్ల నుంచి వచ్చే ఆ హమ్ పాటల మధ్య నిశ్శబ్దంలో టేపు మీద పడి ఉంటుంది. దాన్ని ఇలా పట్టుకోండి.

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, రెండు పాటల మధ్య వాయిద్యాలు ఆగిన చోటు ఐదారు సెకన్లు ఎంచుకోండి. ఎవరూ తీగ మీటుతూ ఉండకూడదు. ముఖ్యంగా బేస్: దాని కింది బి స్వరం 61.7 హెర్ట్జ్, సరిగ్గా హమ్ పక్కనే కూర్చుంటుంది. ఎనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచి సైజు 65536 పెట్టండి. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలుకు అది ఒక్కో గడికి 0.67 హెర్ట్జ్ చూపిస్తుంది. 60 దగ్గర 0.67 అంటే ఒక శాతానికి పైగా పొరపాటు, పనికిరాదు. కాబట్టి దాని గుణిజాలను చూడండి: 120, 180, 300. ఐదో గుణిజం 300 దగ్గర అదే గడి 0.22 శాతం మాత్రమే. శిఖరం 300 బదులు 309 దగ్గర ఉందనుకుందాం. 300ను 309తో భాగిస్తే 0.971, అంటే వేగం 2.9 శాతం తగ్గించాలి. తగ్గించేటప్పుడు వేగం, శ్రుతి కలిసి మారే ఎఫెక్టే వాడండి. శ్రుతిని మాత్రమే మార్చేది వాడితే నడక తప్పుగానే ఉండిపోతుంది, పైగా తాళాల శబ్దం నీళ్ళలో ముంచినట్టవుతుంది.

కొన్ని టేపుల్లో రెండు శిఖరాలు కనిపిస్తాయి, 300 దగ్గర ఒకటి, 309 దగ్గర ఒకటి. కంగారు పడక్కర్లేదు. సరిగ్గా 300 దగ్గరున్నది తర్వాత కాపీ చేసినప్పుడు ఎవరి డెక్ నుంచో చేరినది. స్థానం తప్పినదే ఆ రాత్రి వేదిక మీది హమ్, కొలతకు అదే ఆధారం. ఒక్క శిఖరమే ఉండి అది 300 దగ్గరే ఉంటే మాత్రం వెంటనే నమ్మేయకండి, అది కాపీ హమ్ కూడా కావొచ్చు. స్వరంతో సరిచూసుకోండి. ఫైర్ ఆన్ ద మౌంటెన్ పాటంతా బి, ఎ అనే రెండు కార్డుల (స్వర సముదాయాల) మీదే ఊగుతుంది. 440 హెర్ట్జ్‌కు శ్రుతి చేసిన గిటారో కీబోర్డో దగ్గర పెట్టుకుని బి మోగించి చూడండి. 1979 ఏప్రిల్‌లో కీబోర్డు వాయించే బ్రెంట్ మిడ్‌లాండ్ చేరాక పని ఇంకా తేలిక. హామండ్ ఆర్గన్‌లోని చక్రాలను తిప్పే మోటారు కరెంటు పౌనఃపున్యానికి కట్టుబడి తిరుగుతుంది కాబట్టి అమెరికాలో దాని శ్రుతి చెదరదు. ఆర్గన్ ఒక్కటే నిలబెట్టి పట్టిన స్వరం దొరికితే అంతకు మించిన సాక్ష్యం లేదు. గిటార్లను 1960లలో ఎక్కువగా చెవితోనే శ్రుతి చేసుకునేవారు గనక ఆ కాలం టేపుల్లో స్వరం కంటే హమ్‌నే ఎక్కువ నమ్మాలి.

కొలత ఒక్కచోట తీసి ఊరుకోకండి. సెట్టు (విరామం లేకుండా సాగే కచేరీ భాగం) మొదట్లో, మధ్యలో, చివర్లో మూడుచోట్ల తీయండి. బ్యాటరీతో నడిచే క్యాసెట్ రికార్డరుతో పట్టిన ఆడియన్స్ టేపుల్లో ఒక చిక్కు ఉంటుంది: బ్యాటరీ నీరసించే కొద్దీ రికార్డు చేసేటప్పుడు టేపు నెమ్మదిగా కదులుతుంది, దాన్ని మామూలు డెక్‌లో మోగిస్తే శ్రుతి పోనుపోనూ పెరుగుతుంది. చివరి పాటల్లో బృందం చెలరేగిపోయిందని మెచ్చుకునే ముందు బ్యాటరీ సంగతి చూసుకోండి. ఒకే సంఖ్యతో ఇది సరికాదు, పాట పాటకూ వేరుగా సరిచేయాలి.

డాట్ నుంచి వచ్చిన ఫైలు ఎనిమిది శాతం నెమ్మదిగా ఉంటే కారణం టేపు కాదు. 48 కిలోహెర్ట్జ్‌లో చేసినదాన్ని 44.1 అని గుర్తుపెట్టి మోగించారు. 8.1 శాతం, సుమారు ఒకటిన్నర అర్ధస్వరం కిందికి దిగుతుంది. ఫైలు గుర్తు మారిస్తే చాలు, ఎఫెక్టులేవీ అక్కర్లేదు.

పైన చెప్పిన 2017 విడుదలకు ఈ తంటా లేదు. ప్లాంజెంట్ అనే పద్ధతిలో, టేపు మీద మిగిలి ఉండే బయాస్ అనే, చెవికి అందని సంకేతాన్ని ఆధారం చేసుకుని వేగం తేడాలనూ, చిన్న చిన్న వణుకులనూ సరిచేశారు. అందుకే దాన్ని కొలబద్దగా పెట్టుకుని మిగతా కార్నెల్ ఫైళ్ళను దానికి సరిపెట్టవచ్చు.

శబ్దస్థాయి

రెండింటిలో ఏది కొంచెం గట్టిగా మోగితే అదే బాగున్నట్టు అనిపించడం చెవి స్వభావం. ఒక డెసిబెల్ తేడాను "గట్టిగా ఉంది" అని ఎవరూ అనరు, "నిండుగా ఉంది, స్పష్టంగా ఉంది" అంటారు. అందుకే 0.2 డెసిబెల్ లోపలికి సమం చేయాలి.

రెండు ఫైళ్ళలో ఒకే 30 సెకన్ల ముక్క కత్తిరించండి. స్నేర్ డ్రమ్ మీద పడ్డ ఒక దెబ్బను గుర్తుగా పెట్టుకుంటే మొదలు కలపడం సులువు. ఆడాసిటీలోని లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో రెంటినీ చెవికి తోచే శబ్దస్థాయి కొలతలో మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్‌కు తెండి. పైకి పెంచి సమం చేయాలని చూడొద్దు. పాత సౌండ్‌బోర్డ్‌లలో డ్రమ్ముల శిఖరాలు పొడుగ్గా ఉంటాయి, పెంచితే తెగుతాయి. సౌండ్‌బోర్డ్‌నూ ఆడియన్స్‌నూ పోలిస్తే సంఖ్య సమమైనా చెవికి సమం కాదు, ఎందుకంటే ప్రతిధ్వని కూడా ఆ లెక్కలో పడుతుంది. అలాంటప్పుడు పాడే గొంతు స్థాయిని చెవితో కలిపి, ఎంత మార్చారో రాసుకోండి.

ఇదే సమయంలో ఎడమ కుడి ఛానెళ్ళను కలిపి మోనోలో ఒకసారి వినండి. మధ్యలో ఉండాల్సిన గొంతు మాయమైతే ఒక ఛానెల్ తలకిందులుగా ఎక్కింది. పై స్వరాలు మాత్రమే మసకబారి తిరుగుతున్నట్టుంటే మోగించిన డెక్ హెడ్ కోణం సరిపోలేదు. మొదటిది ఒక్క నొక్కుతో పోతుంది. రెండోదానికి ఒక ఛానెల్‌ను కొద్ది శాంపిళ్ళు జరిపి చూడాలి, పూర్తిగా పోతుందన్న హామీ లేదు.

బ్లూటూత్ వద్దు, తీగ ఉన్న హెడ్‌ఫోన్లే పెట్టుకోండి. రెండు ఎక్కింపుల మధ్య తేడా నిజంగా వినిపిస్తోందా, అనుకుంటున్నారా అన్న అనుమానం వస్తే ఫూబార్2000లో ఏబీఎక్స్ పరీక్ష (ఏది ఏదో చెప్పకుండా వినిపించి గుర్తుపట్టమనేది) పెట్టుకోండి. పదహారు సార్లలో పన్నెండు సరిగ్గా చెప్పగలిగితే అది ఊహ కాదనుకోవచ్చు, గుడ్డిగా అన్ని సరిపోయే అవకాశం నాలుగు శాతం లోపే. ఎనిమిదో తొమ్మిదో వచ్చిందా, "ఈ ఎక్కింపు వెచ్చగా ఉంది" లాంటి మాటలు మానేసి రెంటిలో పూర్తిగా ఉన్నదాన్ని ఉంచుకోండి.

ఒకే రాత్రి, రెండు టేపులు

ఏమేం వినాలో ముందే అనుకుని వినండి. సౌండ్‌బోర్డ్‌లో: బేస్ స్వరాలు విడివిడిగా తెలుస్తున్నాయా, కీత్ గాడ్‌షో పియానో ఏ వైపుంది, ఇద్దరు డ్రమ్మర్లను విడదీయగలుగుతున్నారా. ఆడియన్స్‌లో: పాట ముగిసే చోట జనం ఎప్పుడు లేచారు, మెల్లగా వాయించే చోట హాలు ఎంత నిశ్శబ్దమైంది. కార్నెల్ చివర్లో వచ్చే మార్నింగ్ డ్యూలో ఇది బాగా తెలుస్తుంది. సౌండ్‌బోర్డ్‌లో గిటారు మెట్టు మెట్టుగా పైకి ఎక్కడం వినిపిస్తుంది, ఆడియన్స్ టేపులో ఆ ఎక్కడానికి హాలు ఎలా ఊగిందో వినిపిస్తుంది. బార్టన్ హాల్ కవాతుల కోసం కట్టిన పెద్ద షెడ్డులాంటి కట్టడం, ప్రతిధ్వని జాస్తి. కాబట్టి వేగంగా నడిచే పాటల్లో ఆడియన్స్ టేపు చిక్కబడితే అది టేపరు తప్పు కాదు.

కోతలు ఎక్కడున్నాయో తప్పకుండా గుర్తించండి. 90 నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు 45 నిమిషాలు. 1200 అడుగుల రీలు సెకనుకు 7.5 అంగుళాల వేగంతో 32 నిమిషాల్లో అయిపోతుంది. టేపు తిప్పిన చోట పాట తెగుతుంది, తర్వాత ఎవరో ఇంకో సోర్సు నుంచి ముక్క తెచ్చి అతికిస్తారు. పాట మధ్యలో ఉన్నట్టుండి హాలు విశాలమై, నిమిషం తర్వాత మళ్ళీ ఇరుకైతే అది అతుకు. ఆ నిమిషంలో విన్నదాన్ని బట్టి మిక్సు గురించి ఏమీ రాయకండి.

సొంతంగా మ్యాట్రిక్స్ చేసుకోవాలంటే దూరం లెక్క గుర్తుంచుకోవాలి. శబ్దం మీటరుకు 2.9 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మైకులు వేదికకు 30 మీటర్ల దూరంలో ఉంటే ఆడియన్స్ ట్రాక్ 87 మిల్లీసెకన్లు ఆలస్యం, అంత ముందుకు జరపాలి. కలిపాక స్నేర్ రెండుసార్లు కొట్టినట్టుంటే ఇంకా చాలా జరపాలి; గొట్టంలోంచి వచ్చినట్టుంటే కొద్ది మిల్లీసెకన్లే తేడా. మొదట్లో కలిసినవి పది నిమిషాలకు విడిపోతాయి, రెండు యంత్రాల వేగాలు ఎప్పుడూ ఒకటి కావు కాబట్టి. పాటకొకసారి, పొడుగు పాటల్లో రెండు మూడుసార్లు కత్తిరించి కలపక తప్పదు. సౌండ్‌బోర్డ్ ఎక్కువ, ఆడియన్స్ తక్కువగా మొదలుపెట్టి, జనం చప్పుడు తెలిసేంతవరకే పెంచండి.

ఒకే పాట, రెండు రాత్రులు

ఇప్పుడు అసలు విందు. 1977 మే 5, మే 8 రెండు రాత్రుల్లోనూ స్కార్లెట్ బిగోనియాస్ నుంచి ఫైర్ ఆన్ ద మౌంటెన్‌లోకి వెళ్ళడం ఉంది, ఎస్టిమేటెడ్ ప్రాఫెట్ ఉంది, సెయింట్ స్టీఫెన్ ఉంది. ఫైర్ ఆన్ ద మౌంటెన్ కచేరీల్లోకి వచ్చింది ఆ మార్చిలోనే. అంటే ఈ జోడీ అప్పటికి పచ్చిగానే ఉంది, రాత్రి రాత్రికీ కుదురుకుంటోంది.

జోడీని మొత్తంగా వినేసి మార్కులు వేయకండి. నాలుగు గుర్తుల దగ్గర సమయం రాసుకోండి: స్కార్లెట్‌లో ఆఖరి చరణం ముగిసిన క్షణం, డ్రమ్ముల నడక మారడం మొదలైన చోటు, బి-ఎ ఊగు స్థిరపడిన చోటు, ఫైర్‌లో తొలి మాట పాడిన చోటు. రెండో గుర్తుకూ మూడో గుర్తుకూ మధ్య ఉన్న భాగమే ఈ పాటల ప్రాణం. అక్కడ ఎవరు ముందు మలుపు తిప్పారో వినండి. బేస్ ముందు ఒప్పుకుని గిటారు ఆగిందా, డ్రమ్ములు ముందు దారి మార్చాయా, ఒకరు తొందరపడితే మిగతావాళ్ళు లాగి పట్టారా. ఈ ఒక్క భాగాన్నే మూడుసార్లు, మూడు వాయిద్యాలను విడివిడిగా పట్టుకుని వింటే, "కార్నెల్ మలుపు అతుకు తెలియకుండా ఉంటుంది" అన్న పేరు ఎందుకు వచ్చిందో మీకే తెలుస్తుంది. న్యూ హేవెన్ అంతకు తక్కువేమీ కాదని అనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కార్నెల్ కీర్తిలో కొంత వాటా టేపుది కూడా. బెటీ రీళ్ళు 1986లో వేలంలో చేతులు మారి, శుభ్రమైన కాపీలు దేశమంతా తిరిగాయి. ఎక్కువమంది విన్నదే ఎక్కువ గొప్పదైంది. అధికారికంగా విడుదల కాకముందే దాన్ని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011 సంవత్సరానికి జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

నడక కొలవడానికి 32 ఆవర్తాలు లెక్కపెట్టండి. నాలుగు దెబ్బల తాళంలో అవి 128 దెబ్బలు. 7680ని పట్టిన సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని దెబ్బలో వస్తుంది. 84 సెకన్లు పడితే 91.4. వేగం సరిచేయని టేపు మీద ఈ లెక్క వృథా, మూడు శాతం తప్పుంటే నిమిషానికి దాదాపు మూడు దెబ్బలు తేడా వస్తుంది. పాట నిడివి కూడా అంతే, 26 నిమిషాల జోడీ 47 సెకన్లు పెరిగినట్టో తరిగినట్టో కనిపిస్తుంది. ఎస్టిమేటెడ్ ప్రాఫెట్ ఏడు దెబ్బల పాట. నాలుగు నాలుగుగా లెక్కపెట్టబోతే తప్పిపోతారు. కర్ణాటక సంగీతం పరిచయమున్న మనవాళ్ళు మిశ్రచాపు వేసుకుంటే చేయి దానంతటదే కుదురుతుంది. ఏడు దెబ్బల్లోంచి సోలో బయటికి జారినప్పుడు డ్రమ్మర్లు లెక్క వదిలేశారా, లోలోపల పట్టుకునే ఉన్నారా అన్నది రాత్రికో రకంగా ఉంటుంది.

ఏళ్ళు దాటి పోల్చేటప్పుడు మాత్రం ముందు ఆ ఏటి బృందం ఎవరో చూసుకోండి. 1969 ఫిబ్రవరి 27 డార్క్ స్టార్, అంటే లైవ్/డెడ్ ఆల్బమ్‌లో ఉన్నది, సుమారు 23 నిమిషాలు. ఇద్దరు డ్రమ్మర్లు, ఆర్గన్. వెనీటా డార్క్ స్టార్ సుమారు 31 నిమిషాలు. ఒక్కడే డ్రమ్మర్, పియానో. రెండో డ్రమ్మర్ మిక్కీ హార్ట్ 1971 ఫిబ్రవరిలో వెళ్ళి 1974 అక్టోబరులో గానీ తిరిగి రాలేదు. రెండోదానిలో లయ ఎటు కావాలంటే అటు వంగడానికి బిల్ క్రూట్జ్‌మన్ ఒంటరిగా ఉండటం పెద్ద కారణం. కాబట్టి ఈ రెండింటిలో ఏది మేలు అని కాక, ఏది ఏం చేయగలిగింది అని అడిగితేనే జవాబు వస్తుంది. దే లవ్ ఈచ్ అదర్ 1973లో పరుగు పాట, 1976 నాటికి తీరుబడి నడక. ఆ తేడా బృందం కావాలని చేసుకున్నది. నెమ్మదించిందని మార్కులు తగ్గించకూడదు.

1974 టేపుల్లో గొంతులు పలచగా, డొల్లగా వినిపిస్తే టేపును తిట్టకండి. ఆ ఏడు మార్చి 23న కౌ ప్యాలెస్‌లో పూర్తి రూపంలో తొలిసారి నిలబెట్టిన వాల్ ఆఫ్ సౌండ్ అనే భారీ స్పీకర్ల అమరిక‌లో స్పీకర్లన్నీ బృందం వెనకే ఉండేవి. వాటి శబ్దం గొంతు మైకుల్లోకి దూరి కూత పెట్టకుండా ఒక్కొక్కరికి రెండేసి మైకులు ఎదురు దశలో కలిపి, ఒక్కదాంట్లోనే పాడేవారు. వెనక శబ్దం రెండింటిలోనూ పడి కొట్టుకుపోయేది, దాంతోపాటు గొంతులోని కింది స్వరాలూ కొంత పోయేవి. ఈక్వలైజర్‌తో 200 హెర్ట్జ్ దగ్గర పెంచితే గొంతు రాదు, బేస్ బురద అవుతుంది. అలాగే వదిలేసి వినండి.

సరిచేసిన ఫైళ్ళను అసలు ఫైళ్ళ మీద రాసేయకుండా వేరే ఫోల్డర్లో పెట్టి, పక్కన చిన్న టెక్స్ట్ ఫైలు ఉంచండి: వరస సంఖ్య, ఏ నిమిషం దగ్గర హమ్ ఎంత కొలిచారు, వేగం ఎంత శాతం మార్చారు, స్థాయి ఎన్ని డెసిబెల్ తగ్గించారు, అతుకులు ఎక్కడెక్కడున్నాయి. ఆ ఫైళ్ళను ఇంకొకరికి ఇస్తే ఆ టెక్స్ట్ కూడా ఇవ్వండి. లేదంటే వాళ్ళు మళ్ళీ హమ్ కొలిచి, ఇప్పటికే సరిచేసినదాన్ని కాపీ హమ్‌ను చూసి ఇంకోసారి "సరిచేస్తారు".